మాల తీసే రోజు

(హైదరాబాద్‌లో సైక్లింగ్ సీజను మొదలయ్యే ముందు, కుటుంబాలతో సహా కలుసుకున్న ఒక సాయంత్రం, ఒక బ్యాంకు అధికారి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినపడుతోందా? సరే. మైకు నాకు అలవాటు లేదు. మా బ్యాంకులో మైకు పట్టుకునేది యూనియన్ నాయకులే.

నన్నెందుకు నిలబెట్టారో నాకు తెలుసు. నాకంటే వేగంగా తొక్కేవాళ్ళు ఈ హాల్లో తక్కువలో తక్కువ ముప్ఫై మంది ఉంటారు. నేను గెలిచిందేమీ లేదు, మనం చేసేదాంట్లో గెలవడం అనేదే లేదు. పదేళ్ళ నుంచి తొక్కుతున్నా, ఉద్యోగం ఊడలేదు, పెళ్ళాం పుట్టింటికి వెళ్ళిపోలేదు. (నవ్వులు) అదెలాగో చెప్పమన్నారు. పుట్టింటికి వెళ్ళే దాకా ఒకసారి వచ్చింది. అది కూడా చెప్తాను. ఆవిడ ఇక్కడే ఉంది కాబట్టి అబద్ధం ఆడటానికి లేదు.

ముందు, మనవాళ్ళతో మొదటిసారి వచ్చిన ఇంటివాళ్ళ కోసం రెండు ముక్కలు. మేం చేసేదాన్ని బ్రెవే అంటారు. ఫ్రెంచి మాట. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 ఇరవై గంటల్లో, 400 ఇరవై ఏడు గంటల్లో, 600 నలభై గంటల్లో పూర్తి చేయాలి. ఈ నాలుగూ ఒక్క సీజనులో చేస్తే ‘సూపర్ రాండొనర్’ అంటారు. వినడానికి రజనీకాంత్ సినిమా పేరులా ఉంటుంది, తీరా చూస్తే కాళ్ళు వాచిన మధ్యవయసు మనిషి. ఎవరు ముందొచ్చారన్న లెక్క లేదు. టైములో వచ్చావా లేదా, అంతే. దారిలో ఎవరూ సాయానికి రారు. పంక్చరైతే నువ్వే వేసుకోవాలి, ఆకలేస్తే నువ్వే వెతుక్కోవాలి. చేతిలో ఒక కార్డు ఉంటుంది, మధ్యలో చెప్పినచోట ఆగి ముద్ర వేయించుకోవాలి. అర్ధరాత్రి ముద్ర వేసేవాడు ఎక్కడ దొరుకుతాడు? అందుకని ఏటీఎంలో చీటీ తీసుకుంటాం, దాని మీద ఊరు, టైము ఉంటాయి కాబట్టి. నేను బ్యాంకువాణ్ణి. రాత్రి రెండింటికి కోదాడలో చెమట కారుతూ, హెల్మెట్‌తో, వంద రూపాయల కోసం ఏటీఎం ముందు నిలబడితే అక్కడి సెక్యూరిటీ అతను నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. దొంగ అనుకుని ఉంటాడు. తర్వాత టీ ఇప్పించాడు.

ఇదంతా మొదలైంది ప్యారిస్‌లో. ప్యారిస్ నుంచి సముద్రం ఒడ్డున ఉన్న బ్రెస్ట్ దాకా వెళ్ళి మళ్ళీ ప్యారిస్, 1200 కిలోమీటర్ల పైమాట. 1891లో మొదలైనప్పుడు అది అసలు సిసలు పందెం. షార్ల్ తెరాన్ అనే ఆయన 71 గంటల చిల్లరలో గెలిచాడు. ఇప్పుడది మనలాంటి ఉద్యోగస్థులు, రిటైరైనవాళ్ళు నాలుగేళ్ళకోసారి తొక్కేది. గరిష్ఠంగా 90 గంటలు ఇస్తారు. దాని సంగతికి చివర్లో వస్తాను.

ఇప్పుడు నా కథ. 2015లో మొదలెట్టాను. అప్పటికి నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు, పొట్ట, బీపీ మాత్ర. ఒక విషయం కలిసొచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు నుంచే బ్యాంకులకి రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు ఇచ్చారు. నెలకి రెండు శనివారాలు చేతికొచ్చాయి. మా ఆవిడ ఆ రెండు రోజులకి తనవంటూ ఏవో లెక్కలు వేసుకుంది. నేను సైకిల్ కొన్నాను. ఆవిడ లెక్కలేంటో నేను అడగలేదు. ఈ ప్రసంగంలో నేను ఒప్పుకోవాల్సిన తప్పు నిజానికి ఇదే, మిగతావన్నీ దీని పిల్లలు.

2017లో మా బావమరిది వనస్థలిపురంలో ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం ఆదివారం తెల్లవారుజామున. శనివారం పొద్దున ఆరింటికి నాకు 300 ఉంది. ఆదివారం రాత్రి రెండింటి దాకా టైము. “ముందే ముగించేస్తాలే, కార్లో తీసుకెళ్తాలే” అన్నాను. ఒంటిగంటం పావుకి ముగించాను కూడా. ఇంటికొచ్చేసరికి రెండుంపావు. స్నానం చేసి, పంచె కట్టుకుని, నాలుగింటికి బయల్దేరాం. ఇలా చేయగలిగానని లోపల్లోపల గర్వం కూడా ఉంది నాకు.

పాలు పొంగించడం అయింది. సత్యనారాయణ వ్రతం మొదలైంది. మొదటి కథ అయింది, బాగానే ఉన్నాను. రెండో కథలో కట్టెలు అమ్ముకునే ఆయన వచ్చేసరికి నా కళ్ళు మూతపడ్డాయి. చేతిలో అక్షతలు ఒక్కొక్కటే జారి చాప మీద పడుతున్నాయట, మా అమ్మాయి చెప్పింది. మూడో కథకి మా పెదమావగారి భుజం మీద తల వాల్చి గురక పెట్టాను. ఆయన ఎనభై దాటిన మనిషి, పాపం కదల్లేదు. వీడియో ఉంది. సంక్రాంతికి అందరూ కలిస్తే ఇప్పటికీ వేస్తారు. (నవ్వులు) మా అత్తగారు మాత్రం నవ్వలేదు. “అల్లుడుగారికి ఒంట్లో బాగోలేదామ్మా?” అని కూతుర్ని పక్కకి పిలిచి అడిగింది. ఆవిడ ఏం చెప్తుంది? సైకిల్ తొక్కొచ్చారమ్మా అని చెప్తుందా?

తిరుగు ప్రయాణంలో మా ఆవిడ మాట్లాడలేదు. డ్రైవింగ్ తనే చేస్తానంది, చేసింది. మలక్‌పేట దాటాం, అమీర్‌పేట దాటాం. మూసాపేట సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడింది. అప్పుడంది: “మాల వేసుకున్నవాళ్ళకైనా మండలం రోజులండీ. నలభై ఒక్క రోజులు. తర్వాత తీసేస్తారు. మీరెప్పుడు తీస్తారు?”

నా దగ్గర సమాధానం లేదు. ఆకుపచ్చ లైటు పడింది. వారం రోజులు ఆవిడ తెనాలి వెళ్ళొచ్చింది, వాళ్ళమ్మగారికి తోడుగా అని పేరు.

ఆ ప్రశ్న అంతలా ఎందుకు తగిలిందంటే, మా ఇంట్లో మాల గురించి నాకు బాగా తెలుసు. మా నాన్న ఆర్టీసీలో కండక్టరు. వరసగా పదకొండేళ్ళు అయ్యప్ప మాల వేశారు. కార్తీకం వస్తే నాన్న స్వామి అయిపోయేవారు. నల్ల బట్టలు, చెప్పుల్లేని కాళ్ళు, తెల్లవారక ముందే చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక. మేం కూడా “నాన్నా” అనకూడదు, “స్వామీ” అనాలి. అప్పట్లో నాకు కనపడింది నాన్న దీక్షే. అమ్మ మూడున్నరకే లేచి ఆయనకంటే ముందు స్నానం చేసేదని, ఇల్లంతా కడిగేదని, ఆయనకి విడిగా గిన్నెలు, మాకు విడిగా గిన్నెలు పెట్టేదని, ఒక రోజు ఇరవై మంది స్వాములకి భిక్ష పెట్టేదని కనపడేది కాదు. ఇరుముడి కట్టుకుని వాళ్ళు రైలెక్కిన రోజు అమ్మ రెండు రోజులు పడుకునే ఉండేది. మేం జ్వరం అనుకునేవాళ్ళం.

కానీ అమ్మ ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు. భక్తి ఒక కారణం. ఇంకో కారణం నాకు మూసాపేట సిగ్నల్ దగ్గర తట్టింది. ఎప్పుడు మొదలవుతుందో అమ్మకి తెలుసు, ఎప్పుడు అయిపోతుందో తెలుసు. క్యాలెండర్‌లో గీత గీసి పెట్టుకునేది. మాల వేసినవాడికీ షరతులుండేవి. గొంతు పెంచకూడదు. ఎవరినీ తిట్టకూడదు. నాన్న మామూలుగా కోపిష్టి, ఆ నలభై రోజులూ ఇంట్లో ఒక్క కేక వినపడేది కాదు. అమ్మకి అందులో కూడా కొంత గిట్టుబాటు ఉండి ఉంటుంది. (నవ్వులు) ఇక తిరిగొచ్చి మాల తీసిన మర్నాడు మా ఇంట్లో కోడికూర. నాన్నే బజారుకెళ్ళి తెచ్చేవారు.

మనం కూడా నాలుగింటికే లేస్తాం. విడిగా వండించుకుంటాం, ఓట్స్ అంటాం, గుడ్లు అంటాం, రాత్రి ఏడింటికే అన్నం పెట్టమంటాం. ఇల్లంతా ఎనిమిదింటికి టీవీ ఆపేయాలి, అయ్యగారు పడుకుంటారు. దీక్షకున్న బరువంతా ఇంటి మీద పెట్టాం, తీసే రోజు మాత్రం పెట్టలేదు. 10 కిలోమీటర్ల పరుగుతో మొదలవుతుంది. తర్వాత హాఫ్ మారథాన్, తర్వాత ఫుల్. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ అయిపోతే ఆగుతాడనుకుంటుంది ఇల్లాలు. వాడు సైకిల్ కొంటాడు. 200 అయితే 300, 600 అయితే 1000. వెయ్యికి 75 గంటలట, ఒకసారి చూద్దాం అంటాడు. ఈతొచ్చినవాడైతే ఈత, సైకిలు, పరుగు మూడూ కలిపిన ఐరన్‌మ్యాన్ పోటీ అంటాడు. ఒక సర్టిఫికెట్టు ఇంకో సర్టిఫికెట్టుకి దారి చూపిస్తుంది, ఇంటి దారి మాత్రం చూపించదు.

“రోజుకి గంటే కదా” అని నేనూ వాదించాను. బ్యాంకువాణ్ణి కదా, ఒకరోజు కాగితం మీద లెక్క వేశాను. 200 బ్రెవే పదమూడున్నర గంటలు అనుకుంటాం. ముందురోజు సాయంత్రం సైకిల్ సర్దుకోవడం, లైట్లు ఛార్జింగ్, తొందరగా పడక. ఆ రోజు మొత్తం. రాత్రి వచ్చాక కాళ్ళు గోడకి ఆనించి పడుకోవడం. మర్నాడు పొద్దున్న మనిషి ఇంట్లో ఉన్నా పనికి రాడు, పప్పు అడిగితే ఉప్పు ఇస్తాడు. నా లెక్కకి 200 ఇంట్లో 40 గంటలు. 600కి లెక్క వేయబోయి కాగితం మడిచి పెట్టేశాను.

ఉద్యోగం సంగతి కూడా చెప్పాలి. బ్యాంకు ఉద్యోగంలో బయటవాళ్ళకి తెలియని ఒక కట్టుబాటు ఉంది. స్ట్రాంగ్ రూముకి రెండు తాళాలు, ఇద్దరి దగ్గర. ఒకరు రాకపోతే రెండోవాడి తాళం ఇనప ముక్కతో సమానం. ఇద్దరూ కలిసి తీస్తేనే డబ్బు బయటికి వస్తుంది. నా మొదటి 600 ఆదివారం రాత్రి తొమ్మిదింటి తర్వాత ముగించాను. ఇంటికొచ్చేసరికి పదకొండు. సోమవారం అలారం మోగిందట, నాకు తెలీదు. ఇంట్లోవాళ్ళు నేను సెలవు పెట్టాననుకున్నారు. బ్రాంచికి వెళ్ళేసరికి పదింబావు దాటింది. గేటు లోపల పెన్షన్ తీసుకోడానికి వచ్చిన పెద్దవాళ్ళు బెంచీ నిండా కూర్చుని ఉన్నారు. క్యాషియరు నన్నేమీ అనలేదు, గడియారం వైపు చూసి ఊరుకున్నాడు.

అసలు తమాషా అప్పుడు మొదలైంది. తాళం పెట్టాను, తిప్పబోతే వేళ్ళు తిరగట్లేదు. చిటికెనవేలు, ఉంగరపువేలు మొద్దుబారిపోయాయి. నలభై గంటలు హ్యాండిల్‌బార్ మీద బరువు మోపితే అరచేతి అంచున వెళ్ళే నరం నలుగుతుంది. కొత్తగా 600 చేస్తున్నవాళ్ళు ఇది రాసుకోండి. గ్లౌజులు మందంగా ఉండాలి, చేతులు పట్టుకునే చోటు మాటిమాటికీ మార్చాలి, సీటు ముందుకి వాలి ఉంటే బరువంతా చేతుల మీదే పడుతుంది. నాకవేవీ తెలియవు. చివరికి ఎడమ చేత్తో కుడి చేతి మణికట్టు పట్టుకుని తాళం తిప్పాను. వెనక నుంచి ఒక పెన్షనర్ పెద్దాయన, “బాబూ, పక్షవాతమేమో చూపించుకో” అన్నారు. ఆ తిమ్మిరి పూర్తిగా పోడానికి వారాలు పట్టింది.

అప్పట్నుంచి 600 ఉంటే సోమవారం సెలవు. శుక్రవారం సాయంత్రమే రిజిస్టర్‌లో సంతకాలు పెట్టి తాళం ఇంకో అధికారికి అప్పగిస్తాను. మార్చిలో ఏ రైడూ లేదు, ముప్ఫై ఒకటో తేదీ దాకా మాకు వేరే బ్రెవే ఉంటుంది. బాసుకి కూడా దాచకుండా చెప్పేశాను. మొదట్లో దాచేవాణ్ణి, ఎందుకో తెలీదు, తాగుడు దాచినట్టు దాచేవాణ్ణి. చెప్పాక ఆయన అడిగింది ఒకటే: “ఏయే సోమవారాలో ముందే రాసివ్వండి.” మూసాపేట సిగ్నల్ దగ్గర అడిగిందే, ఇంకో గొంతులో.

ఇక తొక్కడానికి టైము ఎక్కడిదంటే, ఆఫీసుకి వెళ్ళే దారే. నిజాంపేట నుంచి నా బ్రాంచికి పద్నాలుగు కిలోమీటర్లు. పోనూ రానూ ఇరవై ఎనిమిది, వారానికి నాలుగు రోజులు. ఇస్త్రీ చొక్కాలు ఐదూ సోమవారం తీసుకెళ్ళి బీరువాలో పెట్టేస్తాను. బ్రాంచి వెనక బాత్రూములో ఒక బకెట్టు, ఒక మగ్గు నావి. కార్లో వెళ్తే ఆ దారికి గంట పడుతుంది, సైకిల్ మీద యాభై నిమిషాలు. అంటే ఇంటి దగ్గర కాజేసింది ఏమీ లేదు. చాలామంది నమ్మరు గానీ, దూరాలు తొక్కడానికి కావాల్సిన సత్తువలో ఎక్కువ భాగం ఇలా నిదానంగా తొక్కితేనే వస్తుంది. పక్కవాడితో వాక్యం మధ్యలో తెగకుండా మాట్లాడగలిగే వేగం. మన కుర్రాళ్ళు రోజూ ఒకరి మీద ఒకరు పోటీ పడి తొక్కి, ఆదివారం 100 కిలోమీటర్లకే పడిపోతారు. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసి 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కట్టారు, 2023లో తెరిచారు. వానొచ్చినా, ఎండొచ్చినా అక్కడ పిల్లల్ని కూడా తీసుకెళ్ళొచ్చు. ఆ ట్రాక్ మీద కూడా, ఎంత వేగంగా తొక్కామో లెక్కగట్టే స్ట్రావా యాప్‌లో రికార్డులు కొట్టాలని పసిపిల్లల మధ్యలోంచి దూసుకెళ్ళేవాళ్ళున్నారు. వాళ్ళు ఈ హాల్లో ఉంటే, మీ పక్కవాళ్ళని చూసినట్టు నటించండి. (నవ్వులు)

తిండి. మా ఆవిణ్ణి నాలుగింటికి లేపి టిఫిను చేయించుకునే రోజులు పోయాయి. కొందరు స్వాములు తమ వంట తామే చేసుకుంటారు కదా, ఆ దారి పట్టాను. పెరుగన్నం నేనే కలుపుకుంటాను. ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే పోయినేడాది మనవాడొకడు పుల్లటి పెరుగన్నం తిని నార్కట్‌పల్లి దగ్గర వాంతి చేసుకున్నాడు. అన్నం మెత్తగా వండాలి, మామూలుగా పోసే నీళ్ళకంటే ఒక గ్లాసు ఎక్కువ. వేడి మీదే గరిటెతో మెదిపి పాలు పోయాలి, అన్నం పాలలో తేలేలాగా. గోరువెచ్చగా అయ్యాక ఒక్క చెంచా పెరుగు, ఒక్కటే. ఉప్పు. తురిమిన అల్లం. తెల్లారి డబ్బాలో పెట్టుకుంటే పొద్దున పది దాకా పాలన్నంలా తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి కమ్మటి పెరుగన్నం. ఆవకాయ మనసు లాగుతుంది గానీ వద్దు, మంట, దాహం. ఉప్పు ఎక్కువ వేసుకున్నా పర్వాలేదు. ఎండలో గంటల తరబడి ఒట్టి నీళ్ళే తాగితే ఒంట్లో సోడియం తగ్గి మనిషి తూలుతాడు, దాహం అనుకుని ఇంకా తాగుతాడు. మజ్జిగలో ఉప్పు వేసుకుని తాగే మన పెద్దవాళ్ళు ఎలక్ట్రోలైట్ అనే మాట వినకుండానే ఆ పని చేశారు.

ఒంట్లో ఇంధనం అయిపోయి ఉన్నట్టుండి కాళ్ళాడకపోవడాన్ని సైక్లిస్టులు ‘బాంక్’ అవడం అంటారు. నేను మొదటిసారి విన్నప్పుడు నా ఉద్యోగం మీద జోకు అనుకున్నాను. నాకు అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, కండల్లో, కాలేయంలో ఉండే గ్లైకోజెన్ సేవింగ్స్ ఖాతా. దాదాపు రెండు వేల క్యాలరీలు, అంతే, గట్టిగా తొక్కితే కొన్ని గంటల్లో ఖాళీ. కొవ్వు ఫిక్స్‌డ్ డిపాజిట్. కావాల్సినంత ఉంది, నాకైతే మరీ ఉంది, కానీ గబుక్కున తీయడానికి రాదు. నిదానంగా తొక్కితేనే డిపాజిట్ నుంచి ఇస్తాడు. అందుకే ఆకలేయక ముందే, ప్రతి అరగంటకీ అరటిపండో, నువ్వుల చిమ్మిలో, ఏదో ఒకటి వేస్తూ ఉండాలి.

నిద్ర గురించి మాత్రం హాస్యం ఆడను. హైవే మీద రాత్రిపూట లారీల కంటే మన కళ్ళే ప్రమాదం. కోత రోజుల్లో వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు, చుట్టూ రాళ్ళు పెడతారు, చీకట్లో ఆ రాయి కనపడేది చక్రం ఎక్కాకే. కళ్ళు వాలితే ఆగిపోండి. నేను సూర్యాపేట దాటాక ఒక ధాబాలో నులక మంచం మీద నలభై నిమిషాలు పడుకున్నాను, పక్క మంచం మీద లారీ క్లీనర్ కుర్రాడు. లేచేసరికి అతను నా సైకిల్ పక్కనే తన చెప్పులు పెట్టి, ఎవరూ ముట్టుకోకుండా కాపలా కూర్చున్నాడు. ఇంకోటి, 400 ముగించి కారెక్కి మీరే నడుపుకుంటూ ఇంటికి వెళ్ళకండి. బ్రెవే పూర్తి చేశామన్న ధైర్యంలో మనం చేసే అతి పెద్ద తప్పు అదే. క్యాబ్ పిలవండి, సైకిల్ ఎవరింట్లోనైనా పెట్టండి.

ఇప్పుడు కాస్త ఇబ్బందిగా ఉండే మాట. ఈ హాల్లో రైడర్లలో ఆడవాళ్ళు ఎంతమందో చేతులెత్తమంటే... ఆరు, ఏడు. ఏడుగురు. ఎందుకిలా అని మనం ప్రతి ఏడాదీ అడుగుతాం. దారిలో బాత్రూములు లేవు, నిజం. పెట్రోలు బంకులో ఉన్నదానికి గడియ ఉండదు, అదీ నిజం. తెల్లారుజామున ఒంటరి రోడ్డు, నిజమే. కానీ నాతో పాటు రెండు సీజన్లు తొక్కిన ఒకామెని అడిగాను, రైడ్ ముందురోజు నువ్వేం చేస్తావని. ఆదివారానికి దోసెల పిండి రుబ్బి పెడుతుందట. మధ్యాహ్నానికి పప్పు, కూర వండి ఫ్రిజ్‌లో పెడుతుందట. అబ్బాయి స్కూలు బట్టలు ఇస్త్రీ. పడుకునేసరికి పదకొండు. మూడింటికి లేస్తుంది. నేను ఎనిమిదింటికే పడుకుని ఆరేడు గంటలు నిద్రపోయి వచ్చి, కొండ ఎక్కేటప్పుడు ఆమెని దాటాను. దాటినందుకు ఆ రోజు కాస్త సంతోషపడ్డాను కూడా. ఆమె వెనకపడింది కాళ్ళ వల్ల కాదు.

మూసాపేట సిగ్నల్ తర్వాత మా ఇంట్లో ఏం మారిందో చెప్పి ముగిస్తాను. ఆవిడ తెనాలి నుంచి తిరిగొచ్చాక క్యాలెండర్ తీసుకుని కూర్చున్నాం. సీజను నవంబరు మొదటి వారంలో మొదలు, ఫిబ్రవరి చివరి ఆదివారం ఆఖరు. తర్వాత మాల తీసెయ్యాలి. మార్చిలో నాకు ముగింపు లెక్కలు, పిల్లలకి పరీక్షలు. ఎండాకాలం ఆఫీసు దారి తప్ప ఏమీ లేదు. రైడ్ తారీఖులు పెట్టేముందు ఇంటి తారీఖులు రాస్తాం. పెళ్ళిళ్ళు, తద్దినాలు, పుట్టినరోజులు. మిగిలిన ఖాళీల్లో నాకు రైడ్లు. మొదటి ఏడాది ఏమీ మిగల్లేదు, 300 ఒక్కటే దొరికింది. ఏడుపొచ్చింది నాకు.

అప్పుడే ఒకటి అడిగాను, రెండేళ్ళు ఆలస్యంగా. నెలకి రెండు శనివారాలు సెలవు ఇచ్చినప్పుడు నువ్వేం అనుకున్నావు అని. నేను ఏ ఊరికో తీసుకెళ్తాననో, సినిమా అనో అనుకుని ఉంటుందనుకున్నాను. “ఒక శనివారం ఏడున్నర దాకా పడుకుందామనుకున్నా. నన్నెవరూ లేపకుండా” అంది. అంతే. ఆవిడకి కొండలూ వద్దు, సైకిలూ వద్దు. ఇప్పుడు సీజను లేని రోజుల్లో రెండో శనివారం పిల్లల్ని తీసుకుని నేను తెల్లారకుండానే బయటపడతాను. తలుపు దగ్గరికి వేసేటప్పుడు చప్పుడు కాకుండా గొళ్ళెం పట్టుకోవాలి, అది నాకు ఇప్పుడు బాగా వచ్చు. అనంతగిరి వెళ్తాం, లేకపోతే భువనగిరి. భువనగిరి కోట మొత్తం ఒకే రాయి. మాలావత్ పూర్ణ ఆ బండల మీదే ఎక్కడం నేర్చుకుంది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి ఆ పిల్లకి పదమూడేళ్ళ పదకొండు నెలలు. మా వాడికి ఈ మాట చెప్తే, “నాకూ పదమూడే నాన్నా, సగం దాకా ఎక్కాను, ఇడ్లీ ఎక్కడ?” అన్నాడు. సగం దాకానే ఎక్కాం. కింద బస్టాండు దగ్గర ఇడ్లీ తిన్నాం. ఆ నడకలు ఏ యాప్‌లోనూ ఎక్కించను.

ప్యారిస్ సంగతి చెప్తానన్నాను. 2023 ఆగస్టులో జరిగింది. వెళ్ళాలంటే ఆ సీజనులోనే నాలుగు బ్రెవేలూ పూర్తి చేసి ఉండాలి. చేశాను. సెలవు కూడా ఇస్తామన్నారు. ఆ ఆగస్టులోనే మా అమ్మాయి ఇంటర్ అయ్యి ఇంజనీరింగ్ హాస్టల్లో చేరింది. మా ఆవిడ వెళ్ళొద్దనలేదు. “మీ ఇష్టం” అంది. పెళ్ళైనవాళ్ళకి ఆ మాట విలువ తెలుసు. (నవ్వులు) వెళ్ళలేదు. ఇదేదో త్యాగం చేశానని చెప్పట్లేదు. మనవాళ్ళు బ్రెస్ట్ నుంచి ఫొటోలు పెడుతుంటే హాస్టల్ మెట్ల మీద బకెట్టు, పరుపు మోస్తూ మూడుసార్లు ఫోను చూశాను. పిల్ల, “నాన్నా, ఫోను జేబులో పెట్టు, పరుపు జారుతోంది” అంది. మళ్ళీ 2027లో ఉంది. ఆగస్టు అంటే మాల ఇంకో ఆరు నెలలు మెడలో ఉంచుకోవడం, ఎండాకాలం అంతా కూడా. ఇంట్లో ఆ చర్చ ఇంకా రాలేదు. వచ్చినప్పుడు ఏమవుతుందో నాకూ తెలీదు, ఆవిడ వైపు చూడకండి.

ఈ సీజనుకి నా ఆఖరి రోజు ఫిబ్రవరి 22, ఆదివారం. మా వంటింటి క్యాలెండర్‌లో ఆవిడే ఎర్ర పెన్నుతో చుట్టింది. దాని కింద చిన్న అక్షరాలతో ‘కోడికూర’ అని రాసి, పక్కన బ్రాకెట్లో ‘ఆయనే తేవాలి’ అని కూడా రాసింది. ఆ తారీఖు తర్వాత మాత్రం ఎవరూ నన్ను రైడ్‌కి పిలవొద్దు. పిలిస్తే ఫోను ఆవిడే ఎత్తుతుంది.